అరచేతిలో దండోరా

కెన్యా రాజధాని నైరోబీకి సుమారు 160 కిలోమీటర్ల దూరమున, నకూరు పట్టణము చెంత, లానెట్ ఉమోజా అను గ్రామసీమ యున్నది. 2012వ సంవత్సరారంభమున అచటి ముచ్చట యొకటి ప్రపంచ పత్రికల కెక్కెను. ఒకనాడు తెల్లవారుజామున 4 గంటల వేళ ఆ సీమాధికారి ఫ్రాన్సిస్ కరియుకికి ఫోను వచ్చినది. ఒక బడిపంతులుగారి యింటిపై దొంగలు పడుచున్నారని దాని సారాంశము. కరియుకి వెంటనే సెల్‌ఫోను తీసి ట్విట్టరులో చిన్న సందేశము వ్రాసెను. కొలది నిమిషములలో ఇరుగుపొరుగువారు ఆ యింటిముందు గుమిగూడిరి. దొంగలు కాలికి బుద్ధి చెప్పిరి. పంతులుగారి యిల్లు దక్కినది.

కరియుకి పదవి పూర్వము తెలుగు పల్లెలలో నుండిన గ్రామమునసబు పదవి వంటిది. ప్రభుత్వపు ఉత్తరువులు ప్రజల చెవిని వేయుట, తగవులు తీర్చుట, సీమలో శాంతిభద్రతలు చూచుట ఆయన పని. చెప్పవలసిన మాటను ఆంగ్లమునను, స్వాహిలీలోను రెండు ముక్కలలో వ్రాసెడివాడు. ఖరీదైన ఫోను లేనివారికి సైతము ఆ మాటలు మామూలు ఎస్సెమ్మెస్సులుగా చేరెడివి. ఒకమారు తప్పిపోయిన గొఱ్ఱె కూడ ఈ విధముగనే దొరికినది.

తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. దీనికి దండోరా అని పేరు. తలారి తప్పెట మ్రోగించుచు వీధి వీధి తిరిగి చాటెడివాడు. చాటువాడెవడో ఊరికి తెలియును. ఎవరి యాజ్ఞపై చాటుచున్నాడో తెలియును. చాటినది అబద్ధమైనచో మరునాడు రచ్చబండ దగ్గర వానిని నిలదీయవచ్చును. దండోరాకు బలమిచ్చినది తప్పెట తోలు కాదు, ఈ జవాబుదారీతనము. లానెట్ ఉమోజా జనులు చీకటిలో లేచి పరుగెత్తివచ్చినది ట్విట్టరు మాట విని కాదు. కరియుకి మాట విని.

ఈ భేదము చూచుటకు చిన్నది. కాని గడచిన రెండు దశాబ్దుల ఆఫ్రికా రాజకీయములలో ఎందరి ప్రాణములో దీనిపై నాధారపడినవి. ఫేస్‌బుక్, ట్విట్టరు, వాట్సాప్, టిక్‌టాక్ మొదలగువానిని కలిపి సామాజిక మాధ్యమములందురు. 2011లో ట్యునీషియా, ఈజిప్టు పాలకులు గద్దె దిగినపుడు ఇవి స్వాతంత్ర్య శంఖములని లోకము పొగడెను. తరువాత వీనిలో ప్రవహించు ద్వేషమును చూచి విషపు పుట్టలని తెగడెను. రెండును తొందరపాటు మాటలే. ఆ విషయము తెలిసికొనుటకు కెన్యా దేశపు అనుభవమును మించిన పాఠము లేదు.

వదంతియు, సాక్ష్యమును

2007 డిసెంబరు 27న కెన్యాలో అధ్యక్షపదవికి ఎన్నిక జరిగెను. 30వ తేదీని మ్వాయి కిబాకి గెలిచినట్లు ప్రకటించి, ఆ సాయంకాలమే ఆయనచేత ప్రమాణము చేయించిరి. ప్రత్యర్థి రైలా ఒడింగా పక్షమువారు లెక్కలో మోసము జరిగినదనిరి. దేశము భగ్గుమన్నది. నకూరు సీమ చేరియున్న రిఫ్ట్ లోయలో తెగలు తెగలపై పడినవి. వాకీ న్యాయమూర్తి విచారణసంఘము లెక్క ప్రకారము 1,133 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు విడిచి పోయినవారు లక్షల సంఖ్యలో నుండిరి.

ఆ దినములలో ప్రభుత్వము ప్రత్యక్ష ప్రసారములను నిషేధించెను. రేడియో, టెలివిజను నోరు మూసికొన్నచోట వదంతి నోరు తెరచినది. ఫలానా తెగవారు వచ్చుచున్నారు, ఫలానా వారిని తరిమివేయుడు అను ఎస్సెమ్మెస్సులు ఒక ఫోనునుండి పదింటికి, పదింటినుండి నూరింటికి ప్రాకినవి. వ్రాసినవాడెవడో తెలియదు, చదివినవాడు అడుగలేదు. అసలు ఎస్సెమ్మెస్ సేవనే నిలిపివేయుదమని ప్రభుత్వము తలపోసినపుడు, సఫారీకామ్ సంస్థ అధిపతి మైకేల్ జోసెఫ్ అది వలదని చెప్పి, ఆ మార్గముననే శాంతి సందేశములు పంపుట మేలని సూచించెను. అట్లే జరిగినది.

అదే సమయమున మరియొక ప్రయత్నము మొలకెత్తెను. ఓరీ ఒకొల్లో అను న్యాయవాదిని అంతర్జాలమున తన పుటలో ఆనాటి సంగతులను వ్రాయుచుండెను. ఎచట ఏమి జరిగినదో ప్రజలే తెలుపగా పటముపై గుర్తించు సాధనము నెవరైన నిర్మింపగలరా యని 2008 జనవరి తొలివారమున ఆమె అడిగెను. డేవిడ్ కోబియా, ఎరిక్ హర్స్‌మన్, జూలియానా రోటిచ్ మొదలగువారు కలిసిరి. కొలది దినములలోనే ఆ సాధనము సిద్ధమైనది. దానికి వారు పెట్టిన పేరు ఉషాహిది. స్వాహిలీ భాషలో సాక్ష్యమని దాని యర్థము. అరబ్బీ మూలముగల మాట యగుటచేత, ఉర్దూలో సాక్షిని షాహిద్ అనుట వినియున్న హైదరాబాదు ప్రాంతము వారికి ఆ పేరు పరాయిదిగా తోచదు.

ఉషాహిది చేసిన పని వినుటకు సామాన్యము. తాము చూచిన దానిని ప్రజలు పంపుదురు. స్వచ్ఛంద సేవకులు ఇతరుల వలన విచారింతురు. పిమ్మట స్థలము, కాలము సూచించి పటముపై గుర్తింతురు. వదంతి ప్రయాణించిన ఫోనులోనే సాక్ష్యమును ప్రయాణించినది. సాధనమొక్కటే. భేదమంతయు నడుమనున్న ప్రశ్నలోనున్నది: ఇది ఎవరు చూచిరి? ఆ ప్రశ్నకు విలువ కెన్యా దాటి కూడ తెలిసినది. 2010లో హైతీ భూకంపమున చిక్కినవారిని గుర్తించుటకు ఈ సాధనమునే వాడిరి.

అద్దె గొంతుకలు

ప్రజల చేతిలోనికి వచ్చిన సాధనము ధనవంతుల కంట పడకుండునా? 2013, 2017 ఎన్నికలలో ఉహురు కెన్యాట్టా పక్షమునకు తాము పనిచేసితిమని కేంబ్రిడ్జ్ అనలిటికా అను బ్రిటిషు సంస్థవారు రహస్య కెమెరా ముందు గొప్పలు చెప్పికొనగా, 2018 మార్చిలో చానల్ 4 టెలివిజను దానిని బయటపెట్టెను. 2017 ఎన్నికల ముందు బీబీసీ, సీఎన్ఎన్ వార్తలవలె కనిపించు దొంగ వీడియోలు కెన్యా ఫోనులలో తిరిగినవి. ఆ సంస్థలు అవి తమవి కావని చెప్పుకొనవలసి వచ్చెను. ఇక 2021లో మొజిల్లా సంస్థ ప్రచురించిన పరిశోధన మరియొక సంగతి తెలిపెను. న్యాయమూర్తులను, పౌర కార్యకర్తలను ట్విట్టరులో దూషించుటకు నిరుద్యోగ యువకులకు కూలి నిచ్చుచున్నారట. ఒక్కొక్క ప్రచారమునకు 10 మొదలు 15 డాలర్లు! ప్రజాభిప్రాయమని పైకి కనిపించునది అద్దెకు తెచ్చిన గొంతుక యగుచుండెను.

అయినను కెన్యా ప్రజలు సాక్ష్యమును అడుగు అలవాటు మానలేదు. 2017 ఆగస్టు ఎన్నికలో ఫలితములను చేరవేసిన తీరుపై వివాదము రాగా, యంత్రములను పరిశీలనకు తెరువుమని సుప్రీంకోర్టు ఆదేశించెను. ఎన్నికల సంఘము పూర్తిగా తెరువలేదు. సెప్టెంబరు 1న కోర్టు ఆ ఎన్నికనే రద్దు చేసెను. అధ్యక్షుని ఎన్నికను న్యాయస్థానము కొట్టివేయుట ఆఫ్రికాలో అదియే మొదటిమారు. దాని ఫలము 2022 ఆగస్టులో కనిపించినది. ఈమారు ఎన్నికల సంఘము 46 వేలకు పైబడిన పోలింగు కేంద్రముల ఫలిత పత్రములను అంతర్జాలమున అందరికి కనబడునట్లుంచెను. పత్రికలవారు, విద్యార్థులు, అంగడివారు ఎవరి కూడిక వారు చేసికొనిరి. ఆ సమయమునను సామాజిక మాధ్యమములలో అబద్ధములు తక్కువ కాలేదు. కాని అబద్ధమాడువాని ముందు అసలు పత్రమును పరచు వీలు కలిగినది. ఏడుగురు ఎన్నికల కమీషనర్లలో నలుగురు ఫలితముతో ఏకీభవింపలేదు. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరినది. సెప్టెంబరు 5న కోర్టు విలియం రూటో గెలుపును స్థిరపరచెను. పదునైదేండ్ల క్రిందటివలె దేశము తగులబడలేదు.

బాహిర్ దార్ ఆచార్యుడు

నైరోబీ కథలోనే పొరుగుదేశమైన ఇథియోపియా కథయు చేరియున్నది. ఏలయనగా, ఫేస్‌బుక్‌లో తూర్పు ఆఫ్రికావారు వ్రాయు మాటలను పరిశీలించి చెడ్డవానిని తొలగించు ఉద్యోగులు కొంతకాలము నైరోబీలోనే కూర్చుండి పని చేసిరి. ఇథియోపియాలో 80కి పైగా భాషలున్నవి. వానిలో పరిశీలకులకు తెలిసినవి కొలదియే.

2020 నవంబరులో ఆ దేశమున టిగ్రాయ్ ప్రాంతముతో యుద్ధము మొదలైనది. 2021 అక్టోబరులో బాహిర్ దార్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రాచార్యుడొకరి పేరును, ఛాయాచిత్రమును ఫేస్‌బుక్‌లో ప్రచురించి, ఆయన టిగ్రాయ్ తెగవాడనియు, శత్రుపక్షమున చేరినాడనియు ఎవరో వ్రాసిరి. ఆయన కుటుంబము ఆ వ్రాతలను తొలగింపుడని మొరపెట్టుకొన్నది. నవంబరు 3న ఆచార్యుని ఆయన యింటి ముందే కాల్చిచంపిరి. ఒక వ్రాతను చావు జరిగిన ఎనిమిది దినములకు గాని తొలగింపలేదని కుమారుని ఆరోపణ. 2022 డిసెంబరులో ఆ కుమారుడు నైరోబీ హైకోర్టులో ఫేస్‌బుక్ యజమానియైన మెటా సంస్థపై దావా వేసెను. ద్వేషపూరిత వ్రాతలు తమ నియమములకు విరుద్ధమనియు, వానిని తొలగించుటకు ధనము వెచ్చించుచున్నామనియు ఆ సంస్థ వాదన. అమెరికా సంస్థను కెన్యా కోర్టు విచారింపవచ్చునా యన్న ప్రశ్నకు, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు విచారింపవచ్చునని జవాబిచ్చెను.

పల్లెలో తలారి అబద్ధము చాటినచో రచ్చబండ కలదు. సముద్రముల కావలనున్న యజమాని తప్పెటపై ఎవడో ముసుగువాడు అబద్ధము చాటినచో ఎవరిని నిలదీయవలెను? ఈ వ్యాజ్యము నిజమునకు అడుగుచున్నదదియే.

బిల్లు చదివిన పిల్లలు

2024 మే నెలలో కెన్యా ప్రభుత్వము ఆర్థిక బిల్లును ప్రకటించెను. రొట్టెపై 16 శాతము వ్యాట్ పన్ను, వంటనూనెపై 25 శాతము సుంకము, మోటారు వాహనముల విలువపై ఏటేట 2.5 శాతము పన్ను అందలి ప్రతిపాదనలలో కొన్ని. ఇట్టి బిల్లులను ఎవరు చదువుదురు? పన్నుల గుమాస్తాలు, న్యాయవాదులు, అర్థశాస్త్రపు పండితులు. అవి అర్థము కాని భాషలో నుండుటయే పాలకులకు సగము రక్ష. ఆ సంవత్సరము ఆ రక్ష చెదరినది.

జెన్-జీ యని పేరుపడిన ఇరువది యేండ్ల చుట్టుపట్ల వయస్సువారు ఆ బిల్లును ఖండికలుగా విడదీసి చదివిరి. రొట్టె ధర ఎంత పెరుగును, అంగడి ఖర్చు ఎంత హెచ్చును అని టిక్‌టాక్‌లో నిమిషము నిడివిగల వీడియోలలో వివరించిరి. కొందరు దానిని స్వాహిలీలోనికి, ప్రాంతీయ భాషలలోనికి మార్చిరి. బిల్లుపై ప్రశ్న లడిగినచో జవాబు చెప్పు యంత్రములను కొందరు కట్టిరి. ఎక్స్ అని పేరు మారిన ట్విట్టరులో వేలకొలది శ్రోతలతో గంటలతరబడి చర్చలు జరిగినవి. సభ్యుల ఫోను నంబర్లను పంచుకొని, బిల్లును త్రోసిపుచ్చుమని సందేశముల వర్షము కురిపించిరి. ఈ పద్ధతి కొంత అతిగా పోయినమాటయు నిజమే. కాని చట్టసభ కార్యములలో ప్రజలకు పాలు కల్పింపవలెనని 2010 నాటి కెన్యా రాజ్యాంగపు 118వ అధికరణము చెప్పుచున్నది. అది కాగితముపై నుండిన మాట. దానికి ప్రాణము పోసినవారు ఈ పిల్లలు.

ఈ ఉద్యమమునకు పెద్ద నాయకుడు లేడు. తెగ పేరు లేదు. 2008లో తెగల పేర కత్తులు దూసిన దేశమున, తెగ మాట యెత్తకుండ ఒక తరము వీధికెక్కుట సామాన్య విషయము కాదు. జూన్ 18న నైరోబీలో తొలి ప్రదర్శన జరిగిననాడే రొట్టెపై పన్ను, వాహనములపై పన్ను విడుచుచున్నట్లు ప్రభుత్వ పక్షము ప్రకటించెను. పిల్లలు తృప్తి పడలేదు. జూన్ 25న సభ 195 ఓట్లతో, 106 ఓట్లకు ఎదురుగా, బిల్లును ఆమోదించెను. జనము సభాభవనములోనికి చొచ్చుకొని పోయిరి, కొంతభాగము తగులబడెను. పోలీసులు కాల్పులు జరిపిరి. మరునాడు అధ్యక్షుడు రూటో బిల్లుపై సంతకము చేయనని ప్రకటించెను. జూలై 5న ఆయనయే ఎక్స్‌లో యువకుల ప్రశ్నలకు జవాబు చెప్పుటకు కూర్చుండెను. 11వ తేదీని మంత్రివర్గమును దాదాపు పూర్తిగా తొలగించెను.

గెలుపునకు వెల చెల్లింపక తప్పలేదు. జూన్ 18 మొదలు జూలై 1 వరకు 39 మంది చనిపోయిరని కెన్యా జాతీయ మానవహక్కుల సంఘము తెలిపెను. తరువాతి దినములలో ఆ సంఖ్య పెరిగినది.

తప్పెట చించుట

ప్రజలు చదువ నేర్చిన సాధనమును చూచి పాలకులు భయపడుట ఆఫ్రికాలో అంతటను కనిపించును. కామెరూన్‌లో ఆంగ్లము మాటలాడు ప్రాంతముల న్యాయవాదులు, ఉపాధ్యాయులు తమ భాషా హక్కులకై ఆందోళన చేయగా, 2017 జనవరిలో ఆ ప్రాంతములకు అంతర్జాలమునే 93 దినములు నిలిపివేసిరి. ఉగాండాలో 2018 జూలైనుండి ఫేస్‌బుక్, వాట్సాప్ వాడుటకు దినమునకు 200 షిల్లింగుల పన్ను వేసిరి. 2021 జనవరి ఎన్నికలలో దేశమంతట ఐదు దినములు అంతర్జాలము ఆపివేసిరి. నైజీరియా అధ్యక్షుని సందేశమొకటి ట్విట్టరు తొలగించినదని, 2021 జూన్ మొదలు 2022 జనవరి వరకు ఆ దేశము ట్విట్టరునే నిషేధించెను. అబద్ధమును అరికట్టుటకే యని ప్రతి ప్రభుత్వమును చెప్పును. కాని తప్పెటను చించినచో దొంగ దండోరాతోబాటు అసలు దండోరాయు ఆగిపోవును. అప్పుడు మిగులునది చెవిలో గుసగుసయే. 2007 డిసెంబరులో ప్రత్యక్ష ప్రసారముల నాపి కెన్యా నేర్చిన పాఠమిది.

తప్పెట చించలేనిచోట చాటువానిపై చేయి పడును. 2025 మే నెలాఖరున కెన్యాలో ఒక యువతిని పోలీసులు పట్టుకొనిరి. ఆమె చేసిన నేరము, ఆ యేటి ఆర్థిక బిల్లుపై తమ అభ్యంతరములను పౌరులు చట్టసభకు సులువుగా పంపుటకు అంతర్జాలమున ఒక పుటను కట్టుట. న్యాయస్థానము జూన్‌లో ఆ కేసును కొట్టివేసెను. ఆ జూన్‌లోనే మరియొక యువకునికి అట్టి యదృష్టము పట్టలేదు. పోలీసు ఉన్నతాధికారి యొకరిని విమర్శించుచు ఎక్స్‌లో వ్రాసినాడని ఆరోపించి, 7వ తేదీని పశ్చిమ కెన్యాలోని తలిదండ్రుల యింటినుండి ఆతనిని నైరోబీకి కొనిపోయిరి. మరునాటికి పోలీసు ఠాణాలో చనిపోయియుండెను. తలను తానే గోడకు కొట్టుకొన్నాడని పోలీసులు మొదట చెప్పిరి. శవపరీక్ష చేసిన వైద్యులు ఆ గాయములు తాను చేసికొన్నవిగా లేవని తేల్చిరి. పోలీసు అధిపతి సెనేటు ముందు క్షమాపణ చెప్పుకొనెను. పోలీసులతో సహా ఆరుగురిపై హత్యాభియోగము మోపబడినది. వారు దానిని కాదనిరి. చనిపోయిన యువకుడు వృత్తిచేత ఉపాధ్యాయుడు.

ముగ్గురు పంతుళ్ళు

లానెట్ ఉమోజాలో ఒక పంతులుగారి యింటిని ఈ సాధనము కాపాడినది. బాహిర్ దార్‌లో ఒక ఆచార్యుని యింటికి ఇదియే హంతకులకు దారి చూపినదని ఆయన బిడ్డలు మొరపెట్టుచున్నారు. నైరోబీలో ఒక ఉపాధ్యాయుడు దీనిలో వ్రాసిన వ్రాతకై ప్రాణము పోగొట్టుకొనెను. ముగ్గురి కథలోను ఉన్నది అరచేతిలో నిముడు ఆ పలకయే. మొదటి కథలో చాటినవాడు ఊరివాడు, జవాబు చెప్పువాడు. రెండవ కథలో చాటినవానికి ముఖము లేదు, చాటించినవానికి ఊరు లేదు. మూడవ కథలో చాటినవానికి జవాబు చెప్పవలసిన బలవంతుడు వానినే మాయము చేయజూచెను.

కావున సామాజిక మాధ్యమములు మంచివా, చెడ్డవా యని తరగతిలో వక్తృత్వపు పోటీలు పెట్టుటకంటె ఉపయోగకరమైన పని యొకటి కలదు. చేతికి వచ్చిన ప్రతి సందేశమును మూడు ప్రశ్న లడుగుట నేర్పవలెను. చెప్పినవాడెవడు? వానికెట్లు తెలిసినది? తప్పైనచో జవాబు చెప్పువాడెవడు? నైరోబీ పిల్లలు రొట్టె పన్నును ఆపగలిగినది గట్టిగా అరచుటచేత మాత్రమే కాదు. అరచుటకు ముందు బిల్లును చదువుటచేత. ఆ చదువు బడిలో మొదలు కావలసినది.

ఫ్రాన్సిస్ కరియుకి 2019లో కన్నుమూసెను. అప్పటికి ఆయనను లోకము ట్వీట్లు వేయు పెద్దయని పిలుచుచుండెను. ఆయన వాడిన ట్విట్టరు చేతులు మారినది, పేరు మారినది. నడిరేయి వచ్చిన మాటను నమ్మి పొరుగువాని వాకిటికి పరుగెత్తవలెనన్నచో ఆ మాట ఎవరిదో తెలియవలెనన్న నియమము మాత్రము మారలేదు.